రబ్బరు పొట్టు

నరీన్‌లో మంచు అక్టోబరుకే దిగుతుంది.
బడి వదిలాక, బొగ్గు పొయ్యి చల్లారేలోగా
తొమ్మిదో తరగతి గది ఊడ్చేయాలి నేను.

ఏ బల్ల కింద ఏముందో
హెడ్మాస్టరు కన్నా నా చీపురుకే బాగా తెలుసు.
అబ్బాయిల వరుసలో పొద్దుతిరుగుడు గింజల తొక్కలు,
విరిగిన పెన్ను మూత, బూట్ల బురద.
అమ్మాయిల వరుసలో
రబ్బరు పొట్టు.
గుప్పెళ్ళకొద్దీ, బూడిదరంగు పొట్టు.

ఐజిరెక్ కూర్చునే మూడో బల్ల కింద మరీనూ.
ఆ పిల్ల లెక్కల కాగితం ఓసారి చెత్తబుట్టలో దొరికింది.
కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను.
రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చెరిపి
ఒకచోట ఉల్లిపొరంత పలచనైంది కాగితం.
ఆ పొరలో, మొదట రాసిన అంకె ఇంకా నీడలా ఉంది.
నల్లబల్ల మీద మాస్టారు తుడవకుండా వదిలేసిన జవాబూ అదే.

దాని కిందే బెక్తెమిర్ కాగితం.
నీలం సిరా. ఒక్క కొట్టివేత లేదు.
ఏడు లెక్కల్లో ఐదు తప్పు.
ఎంత ధీమాగా తప్పాడో!
నవ్వొచ్చింది. కాస్త అసూయ కూడా.

వసారా తుడుస్తూ వింటుంటాను:
"ఎంతొచ్చింది?" అంటారు మాస్టారు.
"ఇరవయ్యే" అంటాడు వాడు.
"పద్దెనిమిది... ఏమో" అంటుంది ఈ పిల్ల.
ఇద్దరి నోటా ఒకటే 'ఏ'.
వాడికది దిగ్గొట్టిన మేకు,
ఈమెకది కాలు జారే మంచుమెట్టు.

వచ్చే ఏడు ఏం చదువుతారో రాసే పత్రాలు
నిన్న పంచారు.
భౌతికశాస్త్రం ఎదురుగా ఐజిరెక్ గీత
పెన్సిలుతో, దోమ కాలంత.
బెక్తెమిర్ కూడా అక్కడే పెట్టాడు, సిరాతో, లావుగా.
వాడి బల్ల సొరుగులో మాత్రం
ఎనిమిది మడతల కాగితం ఒకటుంది:
చచ్చిపోయిన గోధుమరంగు గుర్రం మీద పద్యం.
రెండుసార్లు చదివి, అవే మడతలతో పెట్టేశాను.
అన్నలకి కనబడితే వాణ్ణి బతకనివ్వరు.

ముప్పై ఏళ్ళుగా బొగ్గు బస్తాలు లెక్కపెట్టి
స్టోరు గుమాస్తాకి చెప్పేది నేనే.
"నలభై రెండు, ఏమో, మీరోసారి చూసుకోండి."
ఒక్కసారీ తప్పలేదు లెక్క.
ఈవేళ "నలభై రెండు" అన్నాను.
కలం పట్టుకుని తలెత్తాడు, మిగతా మాట కోసం.
"రాసుకో" అన్నాను.

పత్రాలు రేపు పొద్దున తీసుకుంటారు.
మూడో బల్ల కింద దొరికిన రబ్బరు
నా కోటు జేబులో ఉంది.
ఇచ్చేస్తాను.
ఎల్లుండి.