ప గుణింతం

అలిపిరి దాటినాక నా వంతు నూటా పది మెట్లు.
తెల్లారి నాలుగుకే చీపురు పడతాను.
జనం పసుపు పూసి, కుంకం పెట్టి,
మోకాళ్ళు పట్టుకోని, గోవిందా అనుకుంటా
పైకి పోతా ఉంటారు.
నేను నూటా పదో మెట్టు కాడ వెనక్కి తిరుగుతాను.
నా కొండ అంతవరకే.

అక్షరాలు నాకు ఒక బస్సు వల్ల మొదలైనాయి.

అక్క కూతురి సీమంతానికి పాకాలకు పోవాల.
బస్టాండులో ఎవరో పిల్లోడు
"ప తో మొదలయ్యే బోర్డు చూసి ఎక్కవ్వా" అని
నా అరచేతిలో వేలితో గీసినాడు.
చూసినాను. ఉండాది. ఎక్కినాను.
ఒళ్ళో చలిమిడి డబ్బా, కిటికీ కాడ గాలి,
కునుకు.
కండక్టరు లేపి, "పీలేరు బస్సమ్మా ఇది" అని
రంగంపేట కాడ రోడ్డు మీద దింపేసినాడు.
నేను పాకాల చేరేటప్పటికి
గాజులు తొడిగేసినారు, ఆకులు ఎత్తేసినారు.
అక్క ఏమీ అనలేదు.
అనుంటే బాగుండు.

పీలేరుకు ప. పుత్తూరుకు ప.
పలమనేరు, పుంగనూరు, పాకాల.
ఒక్క అక్షరాన్ని ఇన్ని ఊర్లు పంచుకుంటే
చదువు రానిది యాడికని పోతుంది?

"దానికి దీర్ఘాలుంటాయి, కొమ్ములుంటాయి" అన్నాడు
నలభయ్యో మెట్టు కాడ దోసకాయ ముక్కలమ్మే చంగల్రాయుడు.
ఏడో తరగతి దాకా పొయినోడు.
"దినానికి ఒకటి చెప్తా. రెండోది అడిగినావంటే
మొదటిది కూడా చెప్పను."

మెట్ల మీద పేర్లు చెక్కుంటారు కదా,
కట్టించినోళ్ళవి, వాళ్ళ అమ్మానాయనలవి.
ఇన్నేండ్లూ అవి నా చీపురుకు తగిలే గరుకు.
గుంటల్లో ఇరుక్కున్న కుంకాన్ని
పుల్లతో గీకి పారేసేదాన్ని.
ఇప్పుడు గీకతా గీకతా ఆగతాను.
పన్నెండో మెట్టులో 'ర',
బొరుగుల ఉండ మాదిరి.
ముప్పయ్యో మెట్టులో 'ము' ఉండాలంట,
ఎక్కేవాళ్ళ పాదాలకు కొమ్ము అరిగి
'మ' ఒకటే మిగిలింది.

ఒక మెట్టు మీది అక్షరాన్ని నాలుగు దినాలు
చుట్టి చుట్టి పసుపులో దిద్దినాను.
చంగల్రాయుడు చూసి, నవ్వి నవ్వి,
దోసకాయ కింద పడేసుకున్నాడు.
"అది అరవం, మొగిలమ్మా!"
పోనీలే.
అరవంలో ఒకటొచ్చు నాకు.

శనివారాలు జనం ఎక్కువ, అక్షరం ఉండదు.
వాన పడితే పసుపంతా కొట్టుకుపోయి
పలక ఉండదు.
జొరమొచ్చి పది దినాలు పడుకోని లేస్తే
'ప'కీ 'వ'కీ తేడా మరిచినాను.
మళ్ళా పన్నెండో మెట్టు కాడ కూర్చున్నాను.
ఎక్కేవాళ్ళు ఒగురుస్తా అడుగుతారు,
ఇంకా ఎన్ని మెట్లమ్మా అని.
నాకు లెక్క తెలుసు.
"ఎక్కతా ఉండు నాయనా" అంటాను.

రెండు చలికాలాలు పొయినాయి.

అప్పుడు కడుపులో ఉన్న బిడ్డకే
మొన్న చెవులు కుట్టేది, పాకాలలో.
బస్టాండులో నిలబడినాను.
ఏ పిల్లోడినీ పిలవలేదు.
ఎర్ర బస్సొకటి వచ్చి ఆగింది.
ప. దానికి దీర్ఘం. పా.
క. దానికీ దీర్ఘమే. కా.
మూడోది తెలుసు, తెలుసు నాకు,
డెబ్బయ్యో మెట్టు మీది లక్ష్మమ్మ,
ఆమె పేరులో ముందరిది,
ల.

ల అనేలోపల
పొగ మొహాన కొట్టి బస్సు పోయింది.

ఒకాయన ఉరుక్కుంటా వచ్చి
సంచి కింద పెట్టి, ఆయాసపడతా అడిగినాడు,
"ఆ పొయ్యేది యాడికమ్మా?"

"పాకాలకన్నా.
కూర్చో, ఇంకోటి వస్తాది."