పిడికెడు బియ్యం

ఎనుమాముల మార్కెట్ వెనక గల్లీల
రేకుల షెడ్డు మా సంఘం.
మిర్చి సీజన్ల
నేను ప్రార్థన మొదలుపెడితే
అందరికందరు దగ్గుతరు.
ఆమేన్ కన్న ముందు తుమ్ములొస్తయి.
కొత్తగ వచ్చినోళ్లు మేం ఏడుస్తున్నమనుకుంటరు.
ఏడ్చేటోళ్లు కూడ ఉంటరు.
ఘాటుకా, గుండెకా, మేం అడగం.

పోయిన బేస్తవారం స్పీకర్ కాలిపోయింది.
కమిటీ కూసున్నది.
"సప్పుడు లేకుంటె వాక్యం రోడ్డు దాటదు అయ్యగారు"
అన్నడు హమాలీ మేస్త్రి యోబు.
నిజమే అనిపించింది.
కొత్తదానికి ఇరవై రెండు వేలు,
కానుకల డబ్బాల ఆరువేల మూడొందలు.
మూలకు పిడికెడు బియ్యం మూట:
ఎసట్ల పోసే ముందు
ఇల్లిల్లు దేవునికని తీసిపెట్టిన పిడికిళ్లు,
దొడ్డువి, సన్నవి, రేషన్‌వి.
"అమ్మేద్దాం" అన్న, నేనే అన్న.

తొడిమెలు తీసే రాహేలు లేచింది,
మండే వేళ్లను కొంగుల దాసుకొని.
"గిది ఒక్క వారానిదే అయ్యగారు.
ముందటియన్ని నేను వండిన."
ఎవరికి?
"రాండ్రి, చూపిస్త."

రాత్రి తొమ్మిది. ఎంజీఎం వరండా.
పేపర్లు పరుచుకొని పండుకున్న ఊర్లు:
భూపాలపల్లి, మహదేవ్‌పూర్, ఏటూరునాగారం.
రాహేలు స్టీలు క్యాన్ వంచి
గంజి పోసుకుంట పోతున్నది, మీద ఇంత ఉప్పు,
ఒక్కొక్కరికి ఒక నిమ్మకాయ తొక్కు బద్ద.
నా జేబుల నలభై కరపత్రాలు.
తీద్దామనుకున్న.
వాళ్ల చేతులు ఖాళీ లేవు.

"ఎంతియ్యాలె?" ఒకాయన అడిగిండు.
భార్య లోపల, నెత్తురు ఎక్కుతున్నదట.
"ఏం వద్దు."
"మరెందుకు పోస్తున్నవు?"
"నేను అడగకముందే నన్నొకాయన
గిట్లనే అరుసుకున్నడు బిడ్డా."
"ఎవలాయన?"

రాహేలు నా దిక్కు చూసింది.
పంతొమ్మిదేండ్లు మైకుల జవాబు చెప్పిన.
ఆ ప్రశ్న నన్ను అడిగినోళ్లు లేరు.
గొంతు ఎండింది.
"మెల్లగ చెప్పు," అన్నడాయన,
"పిల్ల ఇప్పుడే పండుకున్నది."

మెల్లగ చెప్పిన.
పశువుల కొట్టం, చేపలు,
సిలువ, మూడో దినం తెల్లారగట్ల ఆ ఆడోళ్లు.
ఆయన గంజి ఊదుకుంట విన్నడు.
మధ్యల ఒకసారి "ఆఁ" అన్నడు.
ఇంకేం కాలేదు.
నర్సు పిలిస్తె లేచిపోయిండు.

ఆదివారం మైకు లేదు.
వెనక గోడకానే సాంబయ్య
చెవి ఆనదని చాప గుంజుకొని ముందుకొచ్చిండు.
ఆయన వెనక ఇంకిద్దరు.
యోబు మాత్రం వాకిట్లనే కూసున్నడు,
ఇంకా స్పీకర్ మీదనే అలిగి.

ఆయన మా షెడ్డుకు రాలేదు.
భార్యతోని ఏటూరునాగారం బస్సెక్కిండట.
పదిరోజులకు ఎవరో చుట్టంతోని
రాహేలు గిన్నె వాపసొచ్చింది,
తళతళ తోమి,
అడుగున ఎండిన ఇప్పపువ్వు.

"సంఘంల ఇప్పపువ్వా అయ్యగారు!"
ఎన్నడు లేంది యోబు నవ్విండు.
రాహేలు దాన్ని వేయించి, బెల్లం దంచి
ఆరాధనైనంక తలా ఒక ఉండ పెట్టింది.
ఎవ్వరం ఏం మాట్లాడలేదు.
దగ్గుకు మంచిదంటరు.