పది నిమిషాల పిండికట్టు

ఎముకలు కొరికే చలి అంటారు కదా,
తార్వి ముందు ఆ మాట అనకూడదని
టార్టూ ఆసుపత్రి కట్లగదిలో
ఎవరూ రాయని నియమం.

ఇవాళ వాడే అన్నాడు
గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ:
"కొరకనీ హెల్వె, చలికీ ఆకలేస్తుందిగా."

పదహారేళ్లుగా వాడి కాళ్లకి పిండికట్లు కడుతున్నాను.
మొదటిది మూడేళ్లప్పుడు, దుప్పటి తన్నినందుకు.
ఒకటి ఉత్త తుమ్ముకి.
ఒకటి, నాకిష్టమైనది,
గడ్డకట్టిన ఎమాయొగి నది మీద
పక్కింటి కుక్కతో పరుగు పందెం వేసినందుకు.
(కుక్కే గెలిచింది.)
నలభై ఒకటి దాకా లెక్క రాశాను,
అల్మరా తలుపు లోపలివైపు, పెన్సిల్‌తో.

తర్వాత తొడల్లోకి కడ్డీలొచ్చాయి,
వాడితో పాటు సాగే కడ్డీలు.
నరంలోకి చుక్కచుక్కగా మందొచ్చింది.
విరగడం తగ్గింది.
కట్లగదిలో బ్లూబెర్రీ కేకు కోసుకుని
మేం పండగ చేసుకున్నాం.

ఇవాళ ఏదీ విరగలేదు.
ఎక్స్‌రేలో ఎక్కడా గీత లేదు.
"మోకాలు" అన్నాడు.

చిప్ప మీద అరచెయ్యి ఆనించి
మెల్లగా చాపమన్నాను, ముడవమన్నాను.
తిరగట్లో ఇసుక పడ్డ చప్పుడు.
అరవై రెండేళ్ల నా మోకాళ్లు
మెట్లెక్కుతూ చేసే చప్పుడే,
పందొమ్మిదేళ్ల వాడి కాల్లో.

"ఫా షార్ప్‌కి కాస్త కింద" అన్నాడు వాడు.
పియానోలు శ్రుతి చేసే పని నేర్చుకుంటున్నాడు.
పెడళ్ల దగ్గర మోకరిల్లాలి,
రోజుకి ఇరవైసార్లు.

విరిగిన ఎముక గట్టిగా అరుస్తుంది.
మేమందరం ఆ అరుపు వైపే పరిగెత్తాం,
వాళ్లమ్మ ఇంగ్రిట్, నేను, రాత్రి డ్యూటీ డాక్టర్లు.
మృదులాస్థి, పేరులోనే మెత్తన పెట్టుకున్న పిచ్చిది,
వంకర కాలి మీద, వదులు కీలు నడుమ,
ఏళ్ల తరబడి ఒకే పక్క బరువు మోసి
ఒక్క మాట అనకుండా అరిగిపోయింది.

డాక్టర్ పార్న్ తెర మీద చూపించింది:
బొటనవేలి గోరంత ముక్క,
ఊడీ ఊడని పాలపన్నులా.
"పిన్ను కొట్టి నిలపొచ్చు.
కానీ నీ ఎముక తడిసిన గోడ,
మేకుని ఎంతకాలం పట్టుకుంటుందో.
ముందు కాలి వంకర సరిచేసి
బరువుని మంచి పక్కకి మళ్లించొచ్చు.
లోహపు కీలంటావా..."
అంటూ తనే తల అడ్డంగా ఊపింది.
కాసేపాగి,
"తెలియదు అన్న మాట కూడా
నీకు చెప్పాలి నేను" అంది.

తార్వి కళ్లు నీలం. తెల్లగుడ్డు కూడా నీలమే వాడికి.
తెర మీంచి చూపు తిప్పకుండా అడిగాడు:
"మోకరిల్లగలనా?"
"ప్రార్థనకా?"
"పెడళ్లకి."

బోడిగుండుకీ మోకాలికీ ముడి అని నవ్వుతారే,
వాడి బతుకులో పియానోకీ మోకాలికీ
ఆ ముడి నిజంగానే పడింది.
"పాత తీగని ఒక్కసారే బిగిస్తే తెగుతుంది డాక్టర్.
కొంచెం బిగించి, వదిలి, మర్నాడొచ్చి వింటాం."
"అయితే మార్చి దాకా విందాం" అందామె.
అందాకా బరువుని పక్కకి నెట్టే పట్టీ,
వాడి కాలి కొలతకే.

కొలతంటే అచ్చు. అచ్చంటే మళ్లీ నేనే.
గోరువెచ్చని నీళ్లలో గాజు చుట్ట ముంచాను.
విరగని కాలికి
పది నిమిషాల్లో కోసేసే పిండికట్టు
వాడికి ఇదే మొదటిది.
గట్టిపడుతూ అది వేడెక్కుతుంటే
"బయటికంటే ఇక్కడే బాగుంది" అని కళ్లు మూసుకున్నాడు.

కోసి తీశాను.
బల్ల మీద వాడి మోకాలు ఖాళీగా,
లోపల సన్నటి వెంట్రుకల గీతలతో.
వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
కుడి చెవి.
నేను ఎడమవైపు నుంచి పిలిస్తే
ఈ మధ్య ఆలస్యంగా తిరుగుతున్నాడు.
ఇంకా ఎవరికీ చెప్పినట్టు లేడు.

వాడు వెళ్లాక అల్మరా తెరిచి
నలభై ఒకటి కింద, పెన్సిల్‌తో,
"చెవి" అని రాసుకున్నాను.