మొదటి వరుస

కీల్పాక్‌లో వైద్యవిద్య ఆఫీసు గేటుకి ఎదురుగా
ఆరడుగుల వెడల్పు జెరాక్స్ కొట్టు నాది.
పేజీకి రూపాయి.
అప్లికేషన్లిచ్చే రోజుల్లో మాత్రం
పొద్దున ఆరింటికే షట్టరెత్తుతాను.
మెషీన్ వేడెక్కేలోపు
క్యూ టీకొట్టు దాటిపోతుంది.

ఈ ఊరి పిల్లల గుట్టు నాకు తెలిసినంత
వాళ్ళమ్మలకు తెలియదు.
మార్కుల షీటుని అద్దం మీద బోర్లా పడుకోబెట్టి
మూత వేస్తాను.
కింద ఆకుపచ్చ వెలుతురు
ఈ చివర నుంచి ఆ చివరికి పాకుతుంది.
దానికి చదవడం రాదు.
నాకొచ్చు, అదే చిక్కు.

బయాలజీలో సగం,
ఫిజిక్సులో పావు, కెమిస్ట్రీలో పావు,
మూడూ కలిపితే
రెండొందలకి మనిషి ఇంత.
కాగితం బయటికొచ్చేలోపు
నా పెదవులు లెక్క కట్టేస్తాయి.
మొహం చూడక్కర్లేదు,
ఎవరు తెల్లకోటు కుట్టించుకుంటారో
ఎవరు చిల్లర మర్చిపోయి వెళ్ళిపోతారో.

ఇవాళొచ్చిన పిల్ల సుగంధి. అయనావరం.
వెంట తండ్రి మునిరత్నం,
మిల్లు మూతపడ్డాక ఆటో.
షీటుని రెండు క్యాలెండరు అట్టల మధ్య పెట్టి
దారంతో చుట్టి తెచ్చాడు,
విరిగిన చేతికి బద్దలు కట్టినట్టు.

బయాలజీ నూట తొంభై ఎనిమిది.
ఫిజిక్సు నూట తొంభై ఒకటి.
కెమిస్ట్రీ నూట ఎనభై తొమ్మిది.
వెరసి నూట తొంభై నాలుగు.
కిందటేడు వాళ్ళ గీత ఆగిన చోటికి
ముప్పావు తక్కువ.

"ముప్పావంటే ఎంతమ్మా?"
కెమిస్ట్రీలో మూడు మార్కులండీ.
"మూడేనా!" అని నవ్వాడు,
మీటరు మీద మూడు రూపాయలు అడిగినట్టు.
ఆ మూడింటి సందులో
కొన్ని వందల మంది పిల్లలు
భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉన్నారని
నేను చెప్పలేదు.

ఆయన వేలు మెల్లగా పైకి జరిగింది.
అన్నిటికన్నా పైన, మొదటి వరుస.
తెలుగు, నూట తొంభై ఏడు.
"ఇది కలపరా?"
కలపరండీ.
"ఇందులోనే కదమ్మా బాగా వచ్చింది."
కలపరు.
"రోగి వచ్చి ఎక్కడ నొప్పో చెప్పుకునేది
భాషలోనే కదా..."
వెనకెవరో తొందర పెట్టారు. అరవంలో.
ఆయన వేలు తీసేశాడు.

నా షీటూ ఉంది, బల్ల సొరుగులో, పాత బిల్లుల కింద.
తెలుగు నూట తొంభై రెండు.
కెమిస్ట్రీ నూట యాభై నాలుగు.
ప్రాక్టికల్స్‌లో ఒక తెల్లటి లవణం ఇచ్చారు:
జింకా, అల్యూమినియమా?
రెండూ తెల్లగానే విరుగుతాయి,
క్షారం ఎక్కువైతే రెండూ కరుగుతాయి.
జింకు అని రాశాను.
తెలుపుకీ తెలుపుకీ తేడా తెలియని దాన్ని
ఇరవై రెండేళ్ళుగా
తెల్లకాగితాలు అమ్ముకుంటున్నాను.
అంతా ఆ ఉప్పు వల్లేనని
అడిగినవాళ్ళందరికీ చెబుతాను.
కాదు.
ఆర్గానిక్ అసలు చదవనే లేదు.

సుగంధి ఇంతసేపూ నోరు విప్పలేదు.
కాపీలు ఒక్కొక్కటే ఎత్తి
వెలుతురుకి పట్టి చూసింది,
ఎక్స్‌రే చూసినట్టు.
"అక్కా, దీంట్లో పై వరుస
లేతగా పడింది. ఇంకోటి తియ్యండి."

ఆ వరుస అక్కడెవరూ చూడరమ్మా, అన్నాను.

"తెలుసు. తియ్యండి."

టోనర్ డబ్బా ఊడదీసి
రెండుసార్లు కుదిపి మళ్ళీ బిగించాను.
వేళ్ళన్నీ మసి.
షీటు అంచు అద్దం గీతకి సరిగ్గా ఆనించి
మూత వేసి, అరచేత్తో అదిమి పట్టుకున్నాను.
వెలుతురు పాకింది.

ఈసారి నల్లగా పడింది, మొదటి వరుస నుంచీ.

రూపాయి ఇచ్చింది.
తీసుకున్నాను.