చండూరు బజార్ల సముద్రం

మా నాయిన ఫొటో స్టూడియోల
పదడుగుల సముద్రం ఉండేది.
నకిరేకల్ నుంచొచ్చిన పెయింటర్ సోమనర్సయ్య
మూడు రోజులు మా ఇంట్ల తిని, మా అరుగు మీద పండి
ఆరొందలకు గీసిపోయిండు.
ఆయన గూడ ఎన్నడు సముద్రం మొకం చూడలే.
ఎరువుల దుకాణం క్యాలెండర్ల చూసిండట,
ఏ దేశమో,
ఏడాది పొడుగున ఎండ కాసే దేశం.

తెల్లటి పడవ.
ఎర్ర గొడుగు, దాని కింద ఖాళీ కుర్చీ.
రెండు కొబ్బరిచెట్లు గీసిండు గని
ఒకటి ఈతచెట్టు లెక్కనే వచ్చింది,
చెయ్యి అలవాటు పోతదా.

పొద్దుగాల సముద్రాన్ని విప్పుడు నా పని.
రాత్రి వెదురుబొంగుకు చుట్టి
సుతిలి తాడుతోని కట్టుడు నా పని.
ఒకసారి కిరాయిల్లు మారేటప్పుడు మడిచినం,
అలల మీద అడ్డంగ పడ్డ ఆ గీత
ఇగ ఎన్నడు పోలే.

మల్సూరు కొత్త పెండ్లాన్ని తోలుకొచ్చిండు.
టేబుల్ ఫ్యాన్ పెట్టి కొంగు ఎగరేసినం,
ఎగిరిన కొంగుకు ఐదు రూపాయలు ఎక్కువ.
ఆ పిల్ల చెప్పులు పక్కకిడిచి
చీర కుచ్చిళ్ళు జరంత పైకి పట్టుకొని నిలబడ్డది.
ఎవ్వరం నవ్వలే.

పత్తి సీజన్ అయినంక
ఎనమండుగురు హమాలీలు ఒక్కసారే వచ్చిన్రు,
సముద్రం సాలలే.
చివరికున్న లింగస్వామి సగం నీళ్ళల్ల,
సగం మా సున్నం గోడల పడ్డడు.
ఆ ఫొటో ఇంక ఉన్నదంటడు.

శివన్నగూడెం బక్కయ్య తాత
పింఛన్ ఫొటోకు వచ్చిండు.
ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి
నడుం కొడవలి అయిన మనిషి.
తెల్లగోడ ముందర దిగాలె తాతా అంటే
తెర దిక్కే చూస్తుండె.
"గా నీళ్ళు మంచియేనా బిడ్డా?"
"ఉప్పు నీళ్ళు తాతా."
"ఉప్పయితే ఏమాయె. బొక్కలు వంచకుంటే సాలు."

నాయిన ఆయన్ని నిటారుగ నిలబెట్టాలని చూడలే.
స్టాండు కాళ్ళు దించిండు,
తనే మోకాళ్ళ మీద కూసున్నడు.
రెండు ఫొటోలు తీసిండు, పింఛన్‌కొకటి, సముద్రానికొకటి.
పైసలు ఒక్కదానికే.

నిరుడు నేను ఇన్సూరెన్స్ టార్గెట్ దాటితే
కంపెనీ శ్రీలంక తోలింది.
నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు, టిఫిన్ ఫ్రీ.
తాబేలు పిల్లలను చూపిచ్చిన్రు,
దీపస్తంభం చూపిచ్చిన్రు,
లోపటి నీళ్ళ మీద అద్దం పడవల తిప్పిన్రు.
ఒకకాడ నీళ్ళల్ల కొయ్యలు పాతి
వాటి మీద జాలరోళ్ళు గాలం పట్టుకొని కూసున్నరు.
ఫోన్ ఎత్తంగనే ఒకాయన దిగొచ్చి
ఫొటోకింత అని చెయ్యి చాపిండు.
అడిగినకాడికి ఇచ్చిన.
స్టూడియోల పుట్టినోన్ని, బేరమాడితే ఎట్ల?

సాయంత్రం గూనల మీద నాయినకు వీడియో కాల్ చేసిన.
ఫోన్ అటుదిప్పి, ఇటుదిప్పి
ఎర్ర గొడుగు కాడ ఆపిన.
శానాసేపు చూసిండు.
"మనది జర ముదురు నీలం పడ్డదిరా" అన్నడు.
అంతే అన్నడు.
అల వచ్చి పాదాల కింద ఇసుక లాక్కపోయింది.
అప్పుడు చూసుకున్న,
చెప్పులు ఎప్పుడు ఇడిచిన్నో.

స్టూడియో ఇప్పుడు మొబైల్ రీఛార్జ్ దుకాణం.
తెరను పత్తి సేటు కొనుక్కపోయిండు.
మొన్న వానల మిల్లు దిక్కు పోతే
తడవకుండ కుప్ప మీద కప్పిండు సముద్రాన్ని,
అంచులకు రాళ్ళు పెట్టి.
పడవ రంగు రాలింది. గొడుగు ఉన్నది.
పాత మడతకాడ గుంతపడి
దోసెడు వాన నీళ్ళు నిలబడ్డయి.

ఒక మేకపిల్ల కుప్ప ఎక్కి
అలల మీద మూతి పెట్టి తాగుతుంటే
కావలాయన కట్టె ఎత్తిండు.
తాగనీ అన్నా, అన్న.
మంచినీళ్ళే.