పదకొండు వందల నలభై

కూర్చో తమ్ముడూ. ఆ చివర కాదు, బల్ల ఊగుద్ది.
ఇట్టా గోడవైపుకి రా.
ఎక్కడ్నుంచి, పొన్నూరా?
గుంటూరు పెద్దాసుపత్రికి కొత్తగా వచ్చినోళ్ళందరూ
ఆ తలుపుకున్న గుండ్రటి అద్దాన్నే చూస్తారు.
అందులోంచి కనపడేది చెప్పుల స్టాండు, ఇంకేం లేదు.
ఇరవై మూడు రోజులు చూసి చెబుతున్నా.

నాది మిర్చి యార్డులో పని.
టిక్కీ నలభై ఐదు కేజీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.
కాటా ఎంత చూపిద్దో నా వీపు ముందే చెబుద్ది.
గ్రాములంటే మాకు రాలిన తొడిమలు, ఊడ్చి పారేస్తాం.
ఇక్కడ మొదటిరోజు సిస్టరు చీటీ మీద రాసిచ్చింది,
పదకొండు వందల నలభై.
రూపాయలేమో అనుకుని జేబులో చెయ్యి పెట్టా.

కాలికి కట్టిన పట్టీ మీద పేరుండదు, కంగారుపడమాక.
మా పిల్లకి బేబీ ఆఫ్ తిరుపతమ్మ.
ఇక్కడున్నన్నాళ్ళు మన పేరు ఎవరికీ అక్కర్లేదు.
మైకులో అమ్మ పేరే పిలుస్తారు,
పరిగెత్తేది మాత్రం మనం.

లోపలికి రానిచ్చేముందు మోచేతుల దాకా కడగమంటారు.
నేను మూడుసార్లు కడిగా. నాలుగోసారీ కడిగా.
నీళ్ళకి కారం పోదు తమ్ముడూ,
గోళ్ళ కింద, అరచేతి గీతల్లో, పదేళ్ళ ఘాటు.
నిమ్మచెక్కతో రుద్దా, కొబ్బరినూనె రాసి శనగపిండితో తుడిచా,
అయినా వేలు నా కంట్లో పెట్టి చూసుకుంటే మంట.
వారంరోజులు ఆ అద్దంపెట్టె పక్కన
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డా,
పలక పగలగొట్టినోడి మాదిరి.

మిషన్లు మోగుతాయి. ఊరికే మోగుతాయి.
కాలివేలికి చుట్టిన ఎర్రదీపం జారినా మోగుద్ది,
నిజంగా ఊపిరి మర్చిపోయినా అదే మోత.
అవును, మర్చిపోతారు. నెలలు నిండనోళ్ళకి
ఊపిరి తీసుకోవడం ఇంకా అలవాటు కాదంట.
సువార్త సిస్టరు అరికాలు మీద వేలితో ఒక్కటి తట్టుద్ది,
పిల్లకి గుర్తొచ్చుద్ది.
నాకు మటుకు ఆ పూట అన్నం దిగదు.

ముందు బరువు తగ్గుద్ది. వెయ్యీ యాభైకి వచ్చింది.
ఎవరూ దొంగిలించలా. అట్టానే తగ్గుద్దంట.
తర్వాత రోజుకి పది, పదిహేను, ఒకరోజు సున్నా.
కళ్ళకు గంతలు కట్టి నీలిలైటు కింద పడుకోబెడితే
జడుసుకోమాక, అది పచ్చకామెర్లకి.
పాలు గొట్టంలోంచి, రెండు మిల్లీలు.
రెండే. ఆ రెండింటికీ వాళ్ళమ్మ
తెల్లారుజామున గిన్నె పట్టుకుని గంటసేపు ఏడ్చింది.
ఆ గిన్నె మెట్లు దింపి తెచ్చింది నేనే.
టిక్కీ నెత్తినున్నప్పుడు కూడా
అంత చూసుకుని అడుగెయ్యలా ఎప్పుడూ.

డాక్టరమ్మని బతుకుద్దా అని అడగమాక.
ఇప్పుడే చెప్పలేం అంటది,
పొద్దున అడిగినా, రాత్రి అడిగినా.
ఈ పూట ఎట్టా ఉందని అడుగు. దానికి జవాబు చెబుద్ది.

కిటికీ పక్కనున్న ఖాళీ పెట్టె గురించి నన్నడగొద్దు.
పేరేచర్ల నుంచి వచ్చారు వాళ్ళు.
ఆ పొద్దున నేను తెచ్చిన ఇడ్లీ
ఇద్దరం తిన్నాం, ఈ బల్ల మీదే.

మొన్న గురువారం సువార్త సిస్టరు చొక్కా విప్పమంది.
నా చేతుల సంగతి చెప్పా.
చేతులెవరడిగారయ్యా, నాకు నీ గుండె కావాలంది.
పిల్లని తెచ్చి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి
పైన మెత్తటి గుడ్డ చుట్టింది.
ఏం బరువుంటది? తడిసిన జేబురుమాలంత.
గంటన్నర లేవలేకపోయా.
నా ఊపిరి విని నేర్చుకుందో ఏమో,
ఆ గంటన్నరా మిషను నోరెత్తలా.

ఇవాళ పన్నెండొందల అరవై.
పదహారొందలు దాటాక పంపిస్తారంట.
నువ్వు లెక్కేసుకో, నేనైతే మానేశా.

అదుగో, మీ ఆవిడ పేరే పిలుస్తున్నారు.
ఉంగరం తియ్, వాచీ తియ్.
చెప్పులు అక్కడే వదిలెయ్, ఎవరూ తీసుకోరు.
నావి మూడోరోజే పోయాయనుకో.
పో. లోపల సబ్బు లేకపోతే
నా సంచిలో ఉంది, వచ్చి తీసుకో.