కుర్చీ పని

యూసుఫ్‌గూడ స్టూడియోకు మూడు కుర్చీలు
శుక్రవారం లోపల పంపాలె.
జడ్జీలు మారిన్రట.
కుర్చీలు అవే, రెగ్జిన్ మార్చమన్నరు.

ఎడమ కుర్చీ చేతిమీద చిన్న గుంట.
మూడు సీజన్లు పెద్దసారు ఆడనే తాళమేసిండు,
కండ్లు మూసుకొని, ఉంగరం వేలుతోని.
శ్రుతి తప్పితే వేలు ఆగిపోతుండె.
టీవీల నేను ఆయన మొఖం చూడకపోతుంటి,
వేలే చూస్తుంటి.

కొత్త మేడమ్‌కు కుర్చీ గిర్రున తిరగాలెనట.
కింద బేరింగులు బిగించిన.

ఆడిషన్లకు లైను గూడ లేదీసారి.
పోయినేడు తెల్లారగట్ల నాలుగింటికే
కృష్ణానగర్ మూలమలుపు దాంక పిల్లలు,
ఒకే చాయ్ ఇద్దరు తాగుకుంట,
ఒకరి పాటకు ఇంకొకరు కోరస్.
ఇప్పుడు ఫోన్ల ఒక్క నిమిషం వీడియో.

పక్క షట్టర్ల జెరాక్స్ సంపూర్ణ
మిషన్ ఆపింది, ఫ్యాన్ ఆపింది,
నా సుత్తి ఆపించింది,
పాడింది.
చరణం ఎత్తుకునే లోపల్నే
నిమిషం ఒడిసింది.

"ఎట్లున్నది, అంకుల్?"

నాకేమెరుక సంగీతం.
చూస్తే నా చెయ్యి ఆ గుంట మీదున్నది,
ఫోన్ ఆగినంక గూడ
వేలు కొడుతనే ఉన్నది.

గుంటల స్పాంజి నింపి
సాపు చెయ్యమన్నడు మేనేజరు.
చేస్త.
ఇయ్యాల గురువారమే గద.